గోపాల్‌పూర్ ఒడ్డున సొర గాలం

సొర చేపను పట్టాలంటే పడవ ఎక్కాల్సిన పనిలేదు. ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ ఇసుకలో నిలబడే గాలం వేయవచ్చు. బరంపురం నుంచి వెళ్లే నాకు అక్కడి తెలుగు జాలరి మామ గురువు. "కొక్కేనికి ఉక్కు తీగ కట్టకపోతే ఇంటికి వెళ్లిపో" అన్నాడు. నిజమే, పళ్లే కాదు, సొర గరుకు చర్మం కూడా నైలాన్ తాడును ఒరిసి తెంపేస్తుంది. ఎరగా తాజా కవళ్లు అనే చిన్న చేపలు. వేళ, పొద్దు గూకాక. చివరికి మూరెడు పిల్ల సొర పడింది! నీళ్లలోనే ఉంచి, కొక్కెం తీసి వదిలేశాను. సొర మాంసంతో చేసే సొరపిట్టు పోయిందని మామ ఇంకా సణుగుతున్నాడు. ఋషికుల్య నది ముఖద్వారం వైపు మాత్రం గాలంతో వెళ్లను. నవంబర్ 1 నుంచి మే 31 వరకు అక్కడి సముద్రంలో తాబేళ్ల కోసం వేట నిషేధం ఉంటుంది. ఆ విషయంలో మామదీ నాదీ ఒకటే మాట.