బేస్ గిటార్‌కి బూట్ లేసు కట్టడం

పోయిన వారం గోడౌన్లో అందరి ముందరా మా సూపర్‌వైజర్ కత్తెర తీసుకోని నేను కట్టిన ముడి కత్తిరించేసినాడు. ఎందుకు కట్టినావని ఒక్క మాట అడగలా. బాడుగకి పోయే బేస్ గిటార్ అది, అంటే లావు తీగలతో అడుగు శబ్దం ఇచ్చేది, దాన్ని భుజానికి తగిలించుకునే పట్టీ, అదే స్ట్రాప్, ఊడకుండా పట్టే లాకులు లేకుండా వచ్చింది, సాయంత్రం లోడింగ్ ఉంది, అందుకని స్ట్రాప్ బెజ్జం తగిలించే బటన్ దగ్గర బూట్ లేసుతో బిగించి పెట్టినా. "ఇట్లాంటి పల్లెటూరి పనులు ఇక్కడ వద్దు" అని కోసి కింద పడేసినాడు. దుబాయ్‌లో సౌండ్ కంపెనీల్లో పని చేసేవాళ్ళకి మాటలు పడేది కొత్తేం కాదు, కానీ ఈ మాట మాత్రం నాకు ఇంకా మింగుడు పడలేదు.

తిరుపతి, చిత్తూరు ఆర్కెస్ట్రాల్లో తిరిగినోళ్ళకి నేను చెప్పేది తెలుసు. గంగమ్మ జాతరైనా చవితి పందిరైనా మా బ్యాండులో బేస్ వాయించే మామ ఆ లేసు కట్టుకోకుండా స్టేజీ ఎక్కేవాడు కాదు. స్ట్రాప్ తొడిగినాక బటన్ తలకాయకీ తోలుకీ నడమ లేసు రెండు చుట్లు తిప్పి, ముడి చొక్కాకి తగలకుండా బయట పక్కకి వచ్చేట్టు కట్టి, గిటార్ని ఒకసారి కిందికి గట్టిగా లాగి చూసి, అప్పుడు మైకు టెస్టింగ్. ఇంకో బ్యాండాయన కుళాయి వాషర్ దూర్చేవాడు. దానికీ నవ్వే పని లేదు, హాలెండ్ బీరు గ్రోల్ష్ సీసా మూతకి ఉండే రబ్బరు వాషర్ని బయట దేశాల్లో పెద్దపెద్ద వాయిద్యగాళ్ళు ఇదే పనికి వాడతారు. తెల్లారేదాకా పాటలు, చెమట, గుంపు తోపులాట, అయినా ఆ మామ గిటార్ జారడం నేనైతే చూడలా.

బేస్ అంటే మామూలు గిటార్ మాదిరి కాదు. 1951లో లియో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పటి నుంచి తీగ పొడవు 34 అంగుళాలనేది మామూలైపోయింది, అదే ఫెండర్ గిటార్‌కి 25.5. పొడుగు మెడ, కొసన తీగలు బిగించే లావు కీలు, మొత్తం 4 కిలోలకి అటూ ఇటూ బరువు, అదంతా రెండు చిన్న బటన్ల మీద. నిలబడి వాయిస్తా ఉన్నంతసేపూ స్ట్రాప్ బిగువుగా ఉంటాది కాబట్టి ఏం కాదు. కూర్చోని లేసినప్పుడో ఒంగి కాళ్ళ దగ్గర సౌండు మార్చే పెడల్ తిప్పినప్పుడో స్ట్రాప్ ఒక్క క్షణం వదులైతాది చూడు, అప్పుడే సాగిపోయిన తోలు బెజ్జం బటన్ తల మీంచి ఊడొచ్చేది. కిందపడితే కీలు వంగుతాయి, ఒక్కోసారి మెడే పగులుతాది.

ఇక్కడ వాడే లాకులు బాగుంటాయి, కాదనను. షాలర్ అని జర్మనీ కంపెనీది ఒకటి, స్ట్రాప్‌కి ఇంగ్లీషు యు అక్షరం ఆకారంలో ముక్క బిగిస్తారు, అది బటన్ మీదికి జారి కూర్చుంటే స్ప్రింగు పిన్ను లోపలికి దిగతాది. బరువు యు మూసుకున్న పక్క పడేట్టు బిగించినామంటే పిన్ను చెడిపోయినా గిటార్ అందులోనే నిలబడతాది, అది మొదటిసారి చేతిలో పట్టుకోని చూసినప్పుడు ఎవురు చేసినారో గానీ వాళ్ళకి దండం పెట్టాలనిపించింది. డన్‌లప్‌ది వేరే, పిన్ను నొక్కి బటన్ లోపలికి దూరిస్తే క్లిక్‌మంటాది.

అన్నీ బాగానే ఉండాయి గానీ ఏ లాకు పెట్టినా, ఏ లేసు కట్టినా ఆఖరికి గిటార్ని పట్టుకోనుండేది చెక్కలోకి దిగిన స్క్రూనే కదా. కిట్‌లో వచ్చే స్క్రూ ఒక్కోసారి పాతదానికంటే సన్నంగా ఉంటాది, పాత బెజ్జంలో వేస్తే ఊరికినే తిరగతా ఉంటాది, పైన మెరిసే లాకు ఉంది కదా అని దాని జోలికి ఎవురూ పోరు. నేను ముడి కట్టేముందు ఆ స్క్రూని తిప్పి చూసే కట్టినా, ఆ బటన్ కొంచెం లూజుగా ఉందని కాగితం మీద రాసి కేసులో కూడా పెట్టినా. కత్తెర పట్టుకున్నాయన ఆ కాగితం చదవలా.

మరుసటి రోజు చదివినట్టుంది. ఆయనే నన్ను పక్కకి పిలిచి, అదే బేస్ బల్ల మీద పండబెట్టి, బటన్ ఊడదీసి, టూత్‌పిక్కులు చెక్క జిగురులో ముంచి బెజ్జంలో దూర్చి, పైకి మిగిలింది బ్లేడుతో కోసి, ఆరబెట్టమన్నాడు. మనం అగ్గిపుల్ల, ఫెవికాల్ పెట్టి చేసేది అచ్చం ఇదే! ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఫిలిప్పీన్స్‌లో వాళ్ళ ఊరి పండగల్లో బ్యాండు వాయించేటప్పుడు వాళ్ళ నాయన నేర్పించినాడంట. తరవాత తనే చెప్పినాడు, పాటకీ పాటకీ నడమ చీకట్లో బేస్ మార్చాల్సి వస్తే నీ ముడి ఎవురు విప్పతారు, లాకైతే ఒక్క చేత్తో వచ్చేస్తాది అని. న్యాయమైన మాట. ఆ మాట ముందురోజే చెప్పుంటే ఆ ముడి నేనే విప్పుండేవాడిని. మా మామ ఇంతకంటే ఘోరంగా తిట్టేవాడు, కానీ తిట్టి భుజం మీద చెయ్యేసి ఎందుకో చెప్పేవాడు, టీ తాపించేవాడు. ఇక్కడ కారణం తెలియడానికి ఒక రాత్రి పట్టింది, ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

మొన్న మా పిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి "అన్నా, జాతరకి లాకులు పంపించన్నా" అన్నాడు. పంపిస్తాలేరా, రూమ్మేట్ వచ్చే నెల చిత్తూరు పోతాడు, ఆయన చేతికిస్తా, కానీ ముందు ఆ రెండు బటన్లూ వేలితో తిప్పి చూడు, తిరిగితే అగ్గిపుల్ల పెట్టు, కేబుల్ని స్ట్రాప్ లోపలినుంచి తిప్పి జాక్‌కి పెట్టు, ఎవురైనా తొక్కినా జాక్ పీక్కోని రాదు అని చెప్పినా. అంతవరకూ మామ కట్టినట్టే లేసు కట్టుకోమన్నా. నూలు లేసే తీసుకోమన్నా, నున్నగా ఉండే నైలాన్‌దైతే ముడి నిలవదు.