ఐదు మిల్లీమీటర్లు తక్కువైన గోదాము

నా మోడల్ రైల్వే లేఅవుట్‌లో, అంటే చిన్న రైళ్లు తిరిగేలా నేను కట్టుకున్న నమూనా ఊళ్లో, ఊరి చివర సైడింగ్ (బళ్లు ఆగే పక్క పట్టా) పక్కన రెండేళ్లుగా ఒక జాగా ఖాళీగా ఉంది. అక్కడ దాణా గోదాము కట్టాలని మొదటి నుంచీ అనుకుంటున్నాను. నాది 1930ల నాటి అమెరికా చిన్న ఊరు. హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు కొలతలో 87వ వంతు. మూటలు దించే చోటు ఒకటి లేకపోతే గూడ్స్ బండి ఆ ఊళ్లో ఎందుకు ఆగాలి? మూడు నెలల కిందట ఆ గోదాము కోసమే ఒక క్రాఫ్ట్స్‌మన్ కిట్ మొదలుపెట్టాను. పోయిన వారం పూర్తయింది.

ప్లాస్టిక్ కిట్‌లో గోడలు, కప్పు తయారుగానే వస్తాయి. ఇది అలా కాదు. పెట్టె తెరిస్తే బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క పలకలు, అగ్గిపుల్ల కన్నా సన్నటి చెక్క పుల్లల కట్టలు, పోతపోసిన చిన్న చిన్న లోహపు సామాన్లు, మడతపెట్టిన ప్లాన్ కనిపిస్తాయి. కోసుకోవడం, రంగు వేసుకోవడం, నిలబెట్టుకోవడం అంతా మన పనే. నాకు నచ్చేది కూడా అదే.

గోడల దగ్గరే నెల గడిచింది. పలక మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు. నీళ్లు కలిసిన రంగు ఒకవైపే వేస్తే తెల్లారేసరికి విల్లులా వంగిపోతుంది. నా మొదటి కిట్‌లో రెండు గోడలు అలాగే పోయాయి. అందుకని ఈసారి ముందే లోపలివైపు మూడు మిల్లీమీటర్ల చదరపు పట్టీలు అంటించాను. రంగు రెండు వైపులా వేసి, ఆరేదాకా ఇనుప దిమ్మెల కింద పెట్టాను. గోడలు నిటారుగా వచ్చాయి.

రంగుకి ముందు ఇంకో పని ఉంది. అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండు చెంచాల ఇండియన్ ఇంక్ (చిక్కటి నల్ల సిరా) కలిపి చెక్కంతటికీ పూశాను. కొత్త చెక్క లేత రంగు పోయి, ఏళ్ల తరబడి ఎండావానల్లో నిలిచిన బూడిద రంగు వస్తుంది. జిగురు పడిన చోట ఇంక్ పట్టదు, తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. కాబట్టి బయటికి కనిపించే పుల్లలన్నిటికీ అంటించకముందే ఇంక్ పట్టించాలి. ఈ ఒక్క విషయంలో తొందరపడకూడదని నా గట్టి నమ్మకం.

తర్వాత మేకుల గుర్తులు. అసలు గోడలో నిలువు దూలాలు రెండడుగులకొకటి ఉన్నాయనుకుంటే మన స్కేల్లో అది 7 మిల్లీమీటర్లు. ఆ గీతల వెంట ఒక్కో చెక్కకి రెండేసి చొప్పున సూదితో పొడుచుకుంటూ పోయాను. అసలు కొలత ప్రకారం అంత చిన్న మేకు తల కంటికి ఆనదు. అయినా వాటిని మానను. ఆ చుక్కల వరస పడ్డాకే అది ఎవరో చేత్తో కట్టిన గోడ అనిపిస్తుంది.

కప్పు త్వరగానే అయింది. తారు కాగితం చుట్టలు అసలులో మూడడుగుల వెడల్పు ఉంటాయి కాబట్టి పల్చటి కాగితాన్ని పదిన్నర మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, చూరు నుంచి పైకి ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా అంటించాను. కిటికీల అద్దాలకి మాత్రం సూపర్ గ్లూ వాడకండి. దాని ఆవిరికి అద్దం పొగబారుతుంది. తెల్ల జిగురు చాలు.

ఇక అసలు సంగతి. గోదాముని తీసుకెళ్లి సైడింగ్ పక్కన పెట్టి, బాక్స్‌కార్‌ని, అంటే పైకప్పు ఉన్న మూసిన గూడ్స్ పెట్టెని, దాని ముందుకి తోశాను. పక్కనే మా తమ్ముడు ఉన్నాడు. కాసేపు చూసి, "అన్నయ్యా, మూటలు మోసేవాళ్లు ప్రతిసారీ కిందికి దిగాలా?" అన్నాడు. వంగి చూశాను. బాక్స్‌కార్ నేల కన్నా గోదాము ప్లాట్‌ఫాం బాగా కిందికి ఉంది.

రెండూ సుమారు సమానంగా ఉండాలి. బాక్స్‌కార్ నేల పట్టా మీద నుంచి నాలుగడుగుల లోపే ఉంటుంది, అంటే మనకి 14 మిల్లీమీటర్ల లోపు. ప్లాన్‌లో కొలతలు సరిగ్గానే ఉన్నాయి. అయితే అవి పట్టాలు నేల మీదే ఉన్నట్టు లెక్కగట్టినవి. నా పట్టాల కింద 5 మిల్లీమీటర్ల కార్క్ పరిచి ఉంది. అసలు లెక్కలో అది దాదాపు అడుగున్నర! మూడు నెలలు బల్ల మీద కూర్చుని కట్టానే గానీ, ఒక్కసారి కూడా అది నిలబడబోయే చోటుకి తీసుకెళ్లి చూడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు జార్జ్ సెలియోస్ లేఅవుట్ ఫొటోలు తిరగేశాను. 1967లో ఫైన్ స్కేల్ మినియేచర్స్ పెట్టి ఇలాంటి కిట్లకి ఎంతో పేరు తెచ్చిన మనిషి ఆయన. ఫ్రాంక్లిన్ అండ్ సౌత్ మాంచెస్టర్ అనే ఆయన లేఅవుట్‌లో భవనాలు చదును నేల మీద వరసగా ఉండవు. ఒకటి గట్టు మీద, ఒకటి పల్లంలో, మధ్యలో రాతి గోడలు, మెట్లు. అవి చూస్తుంటే నాకు దారి దొరికింది.

గోదాము కింద 5 మిల్లీమీటర్ల రాతి పునాది వేశాను. ప్లాస్టర్ పలక పోసి, రాళ్ల సందులు సూదితో గీసి, అదే ఇంక్ పూశాను. ప్లాట్‌ఫాం స్తంభాల కింద ఒక్కొక్క రాతి దిమ్మె పెట్టాను. వీధి వైపు తలుపు నేలకి అడుగున్నర పైకి లేచింది కాబట్టి అక్కడ రెండు మెట్లు కట్టి, పై మెట్టుని మధ్యలో కాస్త అరగదీశాను. పునాది అంచున సందు కనిపించకుండా మట్టి, ఎండుగడ్డి పోగులు అద్దాను. చివరగా ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) కొలత పలక, అంటే గేజ్‌ని పట్టాల మీద నిలబెట్టి, ప్లాట్‌ఫాం అంచు బళ్లకి తగలదని చూసుకున్నాను.

ఇప్పుడు బాక్స్‌కార్ తలుపు తెరిస్తే దాని నేల, ప్లాట్‌ఫాం చెక్కలు ఒకే వరసలో ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆ రెంటి మధ్య చిన్న పలక ఒకటి వేసి, నాలుగు మూటలు పేర్చి పెట్టాను.