పూతరేకు పుట్టే చోట

పుణె నుంచి వచ్చిన ఫ్రెండ్ మన వంటలు చూపించమంటే అందరిలా బిర్యానీకి కాకుండా కోనసీమలో ఆత్రేయపురానికి తీసుకెళ్లాను. అక్కడొక పెద్దావిడ, బోర్లించిన కుండ కింద ఎండాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగేసింది. రేకు లేచింది! ఆ సెగలో, పొగలో రోజంతా కూర్చోవడం మాటలు కాదు. డబ్బా ధర ఎక్కువని షాపులో గొణిగేవాళ్లు ఓసారి ఇక్కడికి రావాలి.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వమిచ్చే ముద్ర, కూడా వచ్చింది. ఇప్పుడు డ్రైఫ్రూట్స్, చాక్లెట్ రకాలూ దొరుకుతున్నాయి. మా ఫ్రెండ్ చాక్లెట్‌వి కొన్నాడు, వాడిష్టం. నాకైతే బెల్లం తురుము, దండిగా నెయ్యి... అంతే.