దుబాయ్ వెళ్ళేముందు అమ్మ ఫోన్ సరిచెయ్యండి

మొన్న సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నించుంటే మా వీధి కుర్రాడొకడు కలిశాడు. వీసా వచ్చేసిందట, వచ్చే నెలలో దుబాయ్ వెళ్తున్నాడట. "అక్కడ నెట్ మనకంటే ఫాస్టంట కదా అన్నయ్యా, ఇంక రోజూ అమ్మకి వాట్సాప్‌లో వీడియో కాలే" అన్నాడు. నవ్వొచ్చింది. 2016లో నేనూ అచ్చంగా ఇలాగే అనుకుని విమానం ఎక్కాను. పంటు నరసాపురం నుంచి తిరిగొచ్చేలోపు వాడికి చెప్పినవే ఇక్కడా రాస్తున్నాను.

స్పీడుకేం లోటుండదు. దిగగానే పాస్‌పోర్టు చూపిస్తే టూరిస్టు సిమ్ ఇస్తారు, అప్పటికి పని జరిగిపోతుంది. పక్కా సిమ్ కావాలంటే ఎమిరేట్స్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు ఉండాలి, నాకది చేతికొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. గదికి నెట్ పెట్టించుకోవడమే పెద్ద తతంగం. కంపెనీలు ఉన్నవే రెండు, మా బిల్డింగుకి వాటిలో ఒకటే దిక్కు. అప్పట్లో నెలకి 300 దిర్హాల పైమాటే, దానికితోడు ఏడాదికో రెండేళ్ళకో ఒప్పందం, మధ్యలో మానేస్తే ఎదురు డబ్బులు కట్టాలి. ఆరుగురం కలిసి పంచుకున్నాం. తలుపు దగ్గర మంచం వాడికి ఎప్పుడూ సిగ్నల్ ఒక గీత తక్కువే వచ్చేది, ఆ మంచం మొదటి ఏడాదంతా నాదే లెండి.

తమాషా ఏంటంటే ఆ ఏడాది సెప్టెంబరులోనే ఇక్కడ జియో వచ్చింది. అమ్మ ఫ్రీ డేటాతో మంచం మీద పడుకుని సీరియళ్ళు చూస్తుంటే, ఫారిన్‌లో ఉన్న కొడుకు మాత్రం బయటికెళ్తే డేటా ఆపుకుని తిరిగేవాడు.

అసలు దెబ్బ వాట్సాప్ దగ్గర తగిలింది. మెసేజ్ వెళ్తుంది, ఫోటో వెళ్తుంది, కాల్ మాత్రం కలవదు. ఫోన్ పాడైందేమో అనుకుని మూడుసార్లు ఆపి ఆన్ చేశాను. పక్క మంచం కరీంనగర్ బాబాయి నావైపు తిరక్కుండానే "నీ ఫోన్ మంచిగనే ఉంది, ఈడ గంతే" అన్నాడు. యూఏఈలో నెట్ కాల్స్‌కి అనుమతి ఉన్న యాప్‌లే పనిచేస్తాయి. దాంతో రెండేళ్ళు వాయిస్ మెసేజ్‌లతోనే గడిపాం. అమ్మ మాట పూర్తవకుండానే వేలు తీసేసేది, "నాన్నా, అన్నం తి" దాకా వచ్చి తెగిపోయేది. మిగతాది రెండో ముక్కలో వచ్చేది, అందులో సగం మా కోడిపుంజు అరుపే.

2018లో అనుమతి ఉన్న బోటిమ్ అనే కాల్ యాప్ వచ్చింది. అప్పట్లో నెలకి 50 దిర్హాల ప్లాను, అవతలివాళ్ళ ఫోన్‌లో కూడా అదే యాప్ ఉండాలి. కరోనా అప్పుడు 2020లో జూమ్, టీమ్స్ లాంటివి కూడా వదిలారు, మా పెదనాన్న దినం నేను జూమ్‌లోనే చూశాను, ఎవరో మైకు ఆపడం మర్చిపోతే మంత్రాల మీద మిక్సీ మోత వినపడింది.

"వీపీఎన్ పెట్టుకుంటే సరిపోద్ది కదా?" అన్నాడు ఈ కుర్రాడు. మన ఫోన్ ఎక్కడుందో దాచి ఇలాంటి అడ్డు దాటించే యాప్ అది. అందరూ ముందు అడిగేది ఇదే. వీపీఎన్‌తో నేరం చేసినా, చేసిన నేరం దాచినా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాల దాకా జరిమానా అని అక్కడి చట్టంలో ఉంది. ఏది నేరమో తేల్చేది వాళ్ళు, మనం కాదు. వాడు వేళ్ళ మీద రూపాయల్లోకి మార్చుకుని ఇంక మాట్లాడలేదు.

ఇంకోటి, మన సిమ్ చావనివ్వకండి. నాది అమ్మ ఫోన్‌లో వేసి వెళ్ళాను. ఇక్కడి బ్యాంకు ఓటీపీ వస్తే ఆవిడ డాబా ఎక్కి, కళ్ళజోడు వెతుక్కుని, "నాలుగు... ఇది ఒకటో ఏడో తెలీట్లేదు నాన్నా" అనేసరికి టైమయిపోయేది. కనీసపు రీచార్జి చేయించుకుని, రోమింగ్ ఆన్ చేయించి, సిమ్ మనతోనే పట్టుకెళ్ళడం నయం.

నెట్ కష్టం ఎప్పుడూ అటువైపే ఉంటుందనీ లేదు. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. నేను అక్కడ 50 దిర్హాలు కట్టి కూర్చున్నాను, అమ్మ ఫోన్ మూగబోయింది. మా తమ్ముడు సాయంత్రాలు ఈ రేవులోకే వచ్చేవాడు. గోదావరికి అవతల నరసాపురం వేరే జిల్లా కదా, నీళ్ళ అంచుదాకా దిగితే ఆ టవర్ అందేది. ఓ రోజు అమ్మని కూడా బండి మీద ఎక్కించుకొచ్చాడు. ఆవిడ పడవ తాడు పట్టుకుని నిలబడి, మొహం మొత్తం ఫోన్‌కి ఆనించి మాట్లాడింది, నాకు కనపడింది మాత్రం ముక్కుపుడక, దాని వెనకాల కొంచెం గోదావరి.

ఇంతలో పంటు వచ్చేసింది. బళ్ళు దిగుతుంటే వాడు "మా అమ్మ ఫోన్‌లో ఆ బోటిమ్ నువ్వే ఎక్కించి నేర్పించు అన్నయ్యా, నేను చెప్తే తిడుతుంది" అన్నాడు. ఆదివారం వస్తానన్నాను.