కార్డు బిల్లులో ఆ రెండో వరుస

విదేశంలో హోటల్ గది ఖాళీ చేస్తున్నప్పుడు కౌంటరులోని ఉద్యోగి కార్డు మెషీన్‌ను నా వైపు తిప్పాడు. తెర మీద రెండు మొత్తాలు ఉన్నాయి: ఒకటి యూరోల్లో, రెండోది నా సొంత కరెన్సీలో. ఎంత ఖర్చవుతోందో అక్కడికక్కడే తేలిపోతుంది కదా అనుకుని రెండోదాన్ని నొక్కాను. నెలాఖరున స్టేట్‌మెంట్ తెరిస్తే, హోటల్ పేరున్న వరుస కిందే చిన్న మొత్తంతో మరో వరుస కనిపించింది: విదేశీ లావాదేవీ రుసుము. సొంత కరెన్సీలో చెల్లించిన తరువాత విదేశీ రుసుము ఏమిటని బ్యాంకును నిలదీయబోయి, ఎందుకైనా మంచిదని ముందు కార్డు నిబంధనలు చదివాను. నిలదీయవలసిన అవసరం లేకపోయింది. అంతా అందులో రాసే ఉంది.

విదేశీ కొనుగోలు మీద పడే భారం ఒకే రుసుము కాదు. మొదటిది మారకపు రేటు. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్‌లు, అంటే కార్డు చెల్లింపులను బ్యాంకుల మధ్య నడిపించే సంస్థలు, తమ రేట్లను రోజువారీగా నిర్ణయిస్తాయి, అవి సాధారణంగా టోకు మార్కెట్ రేటుకు, అంటే పెద్ద బ్యాంకులు తమలో తాము కరెన్సీలు మార్చుకునే రేటుకు, దగ్గరగానే ఉంటాయి. అయితే వర్తించేది తరచుగా మనం కొన్న రోజు రేటు కాదు, ఆ లావాదేవీ నెట్‌వర్క్‌లో ఖరారైన రోజు రేటు. అందువల్ల కొన్నప్పుడు ఫోనుకు వచ్చిన సందేశంలోని మొత్తానికీ స్టేట్‌మెంట్‌లోని మొత్తానికీ కొద్దిపాటి తేడా రావచ్చు. ఈ తేడా ఒక్కోసారి మనకే లాభంగా ఉంటుంది కనుక దాని గురించి పెద్దగా బాధపడనక్కరలేదు.

రెండోది కార్డు ఇచ్చిన బ్యాంకు వేసే మార్కప్, అంటే కొన్న మొత్తం మీద శాతం లెక్కన కలిపే అదనపు రుసుము. ఇది చాలా కార్డుల మీద ఒకటి నుంచి మూడు శాతం దాకా ఉంటుంది, కొన్నిటి మీద ఇంకాస్త ఎక్కువ. నెట్‌వర్క్ తన వంతుగా బ్యాంకు నుంచి వసూలు చేసేది కూడా చాలావరకు ఇందులోనే కలిసిపోతుంది. కొన్ని దేశాల్లో ఈ రుసుము మీద మళ్లీ పన్ను పడుతుంది. ఈ మార్కప్ అసలే లేని కార్డులూ ఉన్నాయి కానీ, వాటి వార్షిక రుసుము ఎంతో చూడకుండా సంబరపడకూడదు. నేను తప్పుగా అర్థం చేసుకున్న సంగతి ఇక్కడే ఉంది: చాలా బ్యాంకులు కరెన్సీ మారిందా లేదా అన్నదాన్ని మాత్రమే కాక, వ్యాపారి ఖాతా ఏ దేశంలో నమోదై ఉందో కూడా చూస్తాయి. ఇంట్లో కూర్చుని, ధరలన్నీ మన కరెన్సీలోనే చూపించే వెబ్‌సైట్‌లో కొన్నా, ఆ వ్యాపారి పరాయి దేశంలో ఉంటే రుసుము పడవచ్చు.

ఇక మూడోది, అన్నిటికన్నా ఖరీదైనది, మన చేతులతో మనమే నొక్కేది. మెషీన్ మన కరెన్సీలో మొత్తాన్ని చూపించినప్పుడు ఆ మార్పిడి చేసేది నెట్‌వర్క్ కాదు. వ్యాపారి తరఫున పనిచేసే సంస్థ తన సొంత రేటుతో చేస్తుంది. ఆ రేటులో దాని లాభమూ, తరచుగా వ్యాపారికి దక్కే వాటా కూడా కలిసి ఉంటాయి. ఒక లెక్క వేసి చూద్దాం. నెట్‌వర్క్ రేటు ప్రకారం 100 యూరోలు మన కరెన్సీలో 10,000 అవుతాయనుకుందాం. యూరోల్లో చెల్లిస్తే, మూడు శాతం మార్కప్‌తో 10,300 పడుతుంది. వ్యాపారి సంస్థ రేటులో ఆరు శాతం కలిసి ఉంటే మెషీన్ 10,600 చూపిస్తుంది. మన బ్యాంకు కూడా వ్యాపారి విదేశంలో ఉన్నాడని తన మూడు శాతం వేస్తే మొత్తం 10,918కి చేరుతుంది. తెలిసిన కరెన్సీలో చూసుకున్న తృప్తికి 618 ఖర్చు! యూరోపియన్ యూనియన్‌లో 2020 ఏప్రిల్ నుంచి, ఇలాంటి మార్పిడికి ఒప్పుకునే ముందే యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటు మీద ఎంత శాతం అదనమో చూపించాలన్న నిబంధన అమలులో ఉంది. కానీ చెక్ అవుట్ హడావిడిలో, వెనుక వరుసలో మనుషులు నిలబడి ఉండగా, ఆ చిన్న అక్షరాలను ఎవరు చదువుతారు?

కాబట్టి వ్యాపారి ఉన్న చోటి కరెన్సీలోనే చెల్లిస్తానని చెప్పడం మంచిది. కొన్నిచోట్ల ఉద్యోగి మనల్ని అడగకుండానే మీట నొక్కేస్తాడు. రసీదు మీద మన కరెన్సీ కనిపిస్తే, వెంటనే ఆ లావాదేవీని రద్దు చేసి మళ్లీ వేయమని అడగవచ్చు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం మాత్రం వేరే కథ: నగదు రుసుము అదనం, వడ్డీ సాధారణంగా మొదటి రోజు నుంచే మొదలవుతుంది.

సరుకు వాపసు ఇచ్చినా లెక్క సరిపోకపోవచ్చు. రీఫండ్ సాధారణంగా అది ఖరారైన నాటి రేటుతో వస్తుంది, కొన్న నాటి రేటుతో కాదు. పైగా మొదట పడిన మార్కప్‌ను కొన్ని బ్యాంకులు తిరిగి ఇవ్వవు.

ఎంత పోయిందో తెలుసుకోవడం తేలికే. స్టేట్‌మెంట్‌లోని మొత్తాన్ని రసీదులోని యూరోలతో భాగించి, వచ్చిన అంకెను నెట్‌వర్క్ తన వెబ్‌సైట్‌లో ఉంచిన ఆ రోజు రేటుతో పోల్చాలి. నా హోటల్ బిల్లుకు అలా చేద్దామని పాత రసీదు వెతికి తీశాను. దాని అడుగున, కరెన్సీని ఎంచుకునే అవకాశం నాకు ఇచ్చారనీ, ఈ రేటుకు నేను సమ్మతించాననీ చిన్న అక్షరాలతో అచ్చయిన వాక్యం ఉంది. దాని కింద నా సంతకం ఉంది.