క్యోటోలో క్త్వార్థకం

క్త్వార్థకం గుర్తుందా మీలో ఎవరికైనా? చేసి, తిని, వెళ్ళి. శత్రర్థకం అంటే చేస్తూ, తింటూ. చేదర్థకం చేస్తే, తింటే. అప్యర్థకం చేసినా, తిన్నా. తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, ఒక క్రియ ఇచ్చి, ఎవరో ఒకరిని లేపి నాలుగూ నింపమనేవారు, ఎవరిని లేపుతారో తెలియక బెంచీ బెంచీ అంతా టెన్షన్‌గా తల దించుకుని కూర్చునేవాళ్ళం. పరీక్ష అయ్యాక మళ్ళీ అవసరం రాదనుకున్న ఆ నాలుగు గళ్ళే ఆరేళ్ళ తర్వాత జపాన్‌లో నన్ను కాపాడాయి. మన స్కూల్ సంచికకి ఏదైనా రాయమన్నారు కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో జపనీస్ బి.ఎ. చదువుతుండగా 2016 సెప్టెంబరు చివర్లో ఎక్స్‌ఛేంజ్ మీద ఒక సెమిస్టర్‌కి క్యోటో వెళ్ళాను. ఫీజు ఇక్కడ కడితే చాలు, అక్కడ ఖర్చులకి జాసో అనే జపాన్ ప్రభుత్వ సంస్థ స్కాలర్‌షిప్ నెలకి 80,000 యెన్లు ఇచ్చేవారు, హాస్టల్ అద్దె, తిండి, ఫోను జాగ్రత్తగా చూసుకుంటే సరిపోయేది. ఎయిర్‌పోర్ట్‌లోనే రెసిడెన్స్ కార్డు చేతిలో పెడతారు, ఇల్లు చేరిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకెళ్ళి దాని మీద అడ్రస్ రాయించుకోవాలి, హెల్త్ ఇన్సూరెన్స్‌లో చేరాలి. మన స్కూల్ పిల్లలెవరైనా వెళ్తే పనికొస్తుందని ఇంతవరకు చెప్పాను.

మొదటి రోజు పొద్దున క్లాసుకి బయల్దేరుతూ హాస్టల్ చూసుకునే పెద్దావిడకి "ఇకిమాస్" అని చెప్పాను, వెళ్తున్నాను అని. ఆవిడ చీపురు పక్కన పెట్టి, నవ్వి, అలా కాదమ్మా అన్నట్టు తల ఊపి, "ఇత్తె కిమాస్" అని నెమ్మదిగా విడదీసి చెప్పింది. ఇత్తె అంటే వెళ్ళి. కిమాస్ అంటే వస్తాను. వెళ్ళొస్తాను! గుమ్మం దాటేటప్పుడు "వెళ్తాను" అంటే మా అమ్మ ఎప్పుడూ ఊరుకునేది కాదు, వెనక్కి పిలిచి మరీ "వెళ్ళొస్తాను" అనిపించేది. "ఇత్తె కిమాస్"ని హైదరాబాద్‌లో ఎప్పుడో పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా, కానీ అది మా అమ్మ మాటేనని గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఉండగా తప్ప తెలియలేదు. నేను మళ్ళీ సరిగ్గా అన్నాక ఆవిడ "ఇత్తెరష్షాయ్" అంది. వెళ్ళి రా.

ఆ రోజు నుంచి క్లాసులో వినడం మారిపోయింది. జపనీస్ నేర్చుకునేవాళ్ళందరినీ ఏడిపించేది తె-ఫార్మ్, అంటే ఇత్తె, తబెతె లాంటి రూపాలు, దాని వెనక ఇంకో క్రియ తగిలిస్తే అర్థం ఇంకోలా తిరుగుతుంది. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు వాటిని ఒక్కొక్కటిగా బట్టీ పడుతుంటే, నేను నోట్‌బుక్‌లో పక్కన తెలుగు రాసుకుంటూ పోయేదాన్ని. "తబెతె మిరు" తిని చూడు. "వసురెతె షిమత్తా" మరిచిపోయాను. "కత్తె ఓకు" కొని పెట్టు. అక్కడ కూడా తినడాన్ని చూడడమే, కొనడాన్ని పెట్టడమే! "తబెతెమొ" అంటే తిన్నా, మన అప్యర్థకం. ఇన్నాళ్ళూ దీన్ని ఇంగ్లీషులోంచి నేర్చుకుంటూ ఎంత దూరం చుట్టు తిరిగి వచ్చానో అప్పుడు అర్థమైంది. పక్కన కూర్చునే కొరియా అమ్మాయి కూడా నాలాగే వాళ్ళ భాషలోంచి నేరుగా వచ్చేసేది, మేమిద్దరం ఒకరి నోట్‌బుక్ ఒకరం చూసుకుని తెగ సంతోషపడేవాళ్ళం.

కంజీ, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాల దగ్గర మాత్రం ఏ దారీ లేదు. రోజువారీ వాడకానికని ప్రభుత్వం పెట్టిన జాబితాలోనే 2,136 ఉన్నాయి, చైనా వాళ్ళు వాటిని చూడగానే చదివేస్తుంటే నేను రాత్రిళ్ళు ఒక్కోటి ఇరవై సార్లు రాసేదాన్ని. క్యోటోలో మండే చెత్తకి నగరం అమ్మే పసుపు సంచీలే వాడాలి, ఆ సంగతి హాస్టల్ గోడ మీద రాసి ఉన్నా చదవలేక మామూలు సంచీలో పెడితే, దాని మీద కాగితం అంటించి అక్కడే వదిలేసి వెళ్ళారు. పెద్దావిడే వచ్చి, కోప్పడకుండా, ఆ కాగితం మీది ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివి చెప్పింది. నవంబరులో ఆవిడ వగరు పెర్సిమన్ పళ్ళు తొక్క తీసి, కాడలకి తాడు కట్టి వరండాలో వరసగా వేలాడదీసింది. కొన్ని వారాలకి అవి ముడతలు పడి, నల్లబడి, పైన తెల్లటి పొడి పట్టాయి, అది ఆ పండులోంచి వచ్చిన చక్కెరే. ఒకటి తెంపి నా చేతిలో పెట్టి "తబెతె మితె" అంది. తిని చూశాను. తాండ్ర గుర్తొచ్చింది, లోపల ఇంకా మెత్తగా.

బాగా కష్టమైంది ఇంకొకటి. కుటుంబం గురించి వ్యాసం రాయమంటే నాన్న గురించి గౌరవంగా, "మా నాన్నగారు ఉంటారు" అన్నట్టు రాశాను, టీచర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన ఇంటివాళ్ళని తగ్గించి చెప్పాలి, నాన్నయినా సరే, వట్టి "చిచి" అనాలి. రూలు ఒక్క నిమిషంలో అర్థమైంది గానీ నోరు రాలేదు, డిసెంబరు దాకా రాలేదు. అప్పుడొక రోజు పెద్దావిడ పక్కింటామెతో తన సొంత అమ్మ గురించి "ఇహరు" అనడం విన్నాను. ఉన్నారు అని. క్యోటో యాసలో ఆ "హరు" గౌరవానికి తగిలిస్తారు, సొంత ఇంటివాళ్ళకి కూడా తగిలిస్తారు! పరీక్షలో చిచి అనే రాశాను, కానీ ఆవిడ దగ్గర మాత్రం ఆ తర్వాత నాన్న గురించి ఎప్పుడు చెప్పినా హరు పెట్టే చెప్పాను.

2017లో కనుమ రోజు, జనవరి 15 ఆదివారం, లేచేసరికి క్యోటో అంతా మంచు. జీవితంలో మొదటిసారి చూడడం, సైకిల్ సీట్ల మీద, తాడుకి మిగిలిన రెండు పళ్ళ మీద కూడా. ఇంటికి ఫోన్ చేశాక ఎందుకో మాస్టారితో మాట్లాడాలనిపించి మన బ్యాచ్ గ్రూపులో నంబరు అడిగి తీసుకున్నాను. అక్కడ పదకొండు, మనకి ఏడున్నర. మంచు గురించి ఒక్క ముక్క అడగలేదు ఆయన.

"సంధులున్నాయా వాళ్ళకి?"

ఉన్నాయండీ అని చెప్పాను. తె అంటే చెయ్యి, కమి అంటే కాగితం, కలిపితే తెగమి, ఉత్తరం. హోన్ అంటే పుస్తకం, తన అంటే అర, కలిపితే హోన్‌దన. కూర, కాయలు కలిస్తే కూరగాయలు, అన్న, తమ్ములు కలిస్తే అన్నదమ్ములు అయినట్టు. ఆగమ్మా అని, పెన్ను తెమ్మని లోపలికి కేకేసి రాసుకున్నారు. హన అంటే పువ్వు, హి అంటే నిప్పు, కలిపితే హనబి, బాణసంచా అన్నాను.

"హ పోయి బ ఎలా వస్తుంది? క కి గ, త కి ద సరే. వాళ్ళ అక్షరమాల వరసగా చెప్పు."

అ, ఇ, ఉ, ఎ, ఒ, క, స, త, న, హ, మ, య, ర, వ. ఆ వరస పాతకాలంలో బౌద్ధ భిక్షువులు సంస్కృతం చదువుకోవడం వల్ల వచ్చిందని కూడా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, కాగితం మీద పెన్ను గీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"న కీ మ కీ మధ్య ఉండాల్సింది ప కదమ్మా. ఆ హ ఒకప్పుడు ప అయ్యుంటుంది. రేపు మీ టీచర్‌ని అడుగు."

సోమవారం క్లాసు అయ్యాక అడిగాను. ఆవిడ పుస్తకాలు సర్దుకుంటున్నది ఆగి, నిజమే, పాత జపనీస్‌లో అది ప అని, ఇది మీ సిలబస్‌లో లేదే, ఎక్కడ చదివావని అడిగారు. చదవలేదండీ, మా స్కూల్ సెన్సెయ్ చెప్పారు అన్నాను.