ఆ కవరు మీద నా నంబరు

2024 ఎన్నికల్లో నాకు వేరే మండలంలో డ్యూటీ పడింది. డ్యూటీ వల్ల సొంత బూత్‌కు వెళ్లలేం కాబట్టి, కాగితం మీద ముందే ఓటు వేసే పోస్టల్ బ్యాలట్‌కు మా స్కూల్లో అందరం ఫారం 12 ఇచ్చి పెట్టుకున్నాం. ఆ రోజు నుంచే స్టాఫ్‌రూంలో ఒకటే మాట: "ఎవరికి వేశామో తెలిసిపోతుందంట. ట్రాన్స్‌ఫర్లప్పుడు చూసుకుంటారంట." నేను కొట్టిపారేయలేకపోయాను. ముందురోజే ఎవరో ఫోన్ చేసి, నా పేరు, స్కూలు చెప్పి, "ఓటు మాకే కదా మేడం" అన్నారు.

డ్యూటీ వాళ్లు ఓటు వేసే ఫెసిలిటేషన్ సెంటర్‌లో అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకు ఒకటి, బ్యాలట్, ఫారం, కవర్లు కలిపి రెండు సెట్లు ఇచ్చారు. 13ఎ అనే డిక్లరేషన్ ఫారంలో నా పేరు, బ్యాలట్ నంబరు రాసి గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేయాలి. ఓటు వేసిన బ్యాలట్‌ను 13బి చిన్న కవరులో పెట్టాలి. దాని మీదా అదే నంబరు. ఆ రెండూ కలిపి 13సి పెద్ద కవరులోకి. నా పేరు, నంబరు, ఓటు అన్నీ ఒకే చోట! టెన్షన్‌తో పెన్ను కదల్లేదు.

నా వెనక వరసలో ఉన్న పెద్దసారు ఇదివరకు కౌంటింగ్ డ్యూటీ చేసినాయన. "ఏమ్మా, ఆగిపోయావు?" అని అడిగి, విషయం విని, నెమ్మదిగా చెప్పారు.

"కౌంటింగ్‌లో ముందు పెద్ద కవరు తెరుస్తారు. డిక్లరేషన్ సరిగ్గా ఉందా, నంబరు కలిసిందా, అంతే చూస్తారు. చిన్న కవరు తెరవరు. సరిగ్గా ఉన్న డిక్లరేషన్లన్నీ ఒక ప్యాకెట్‌లో పెట్టి సీలు వేశాకే చిన్న కవర్లు తెరిచేది. ఓటు బయటికి వచ్చేసరికి నీ పేరు సీలు లోపల ఉంటుంది. కోర్టు ఆర్డర్ లేనిదే ఆ ప్యాకెట్ ఎవరూ తెరవకూడదు."

ఈ వరస మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. అరపేజీ కాగితం గోడకు అంటించినా ఎంతమందికి భయం తీరేదో!

ధైర్యం వచ్చి లోపలికి వెళ్తే, ఓటు వేసే బల్ల వెనకే తెరిచిన కిటికీ. బయట జనం. కవర్లకు ఎన్ని సీళ్లు వేస్తే ఏం లాభం, టిక్కు పెట్టేటప్పుడే చూపు పడితే? బల్ల తిప్పమని అడిగాను. అక్కడి అధికారి విసుక్కున్నారు గానీ తిప్పించారు. అప్పుడే ఓటు వేశాను. సాయంత్రం స్టాఫ్‌రూం గ్రూపులో ఆ వరసంతా రాసి పెట్టాను. ఓటు వద్దనుకున్న మా తెలుగు మేడం మర్నాడు వెళ్లి వేసి వచ్చారు.

మే 13న పోలింగ్ బూత్‌లో రిజిస్టర్, సిరా నా పని. వేలిముద్ర వేసిన ఒక అవ్వ, ఓటు చీటీ చూపించే వీవీప్యాట్ పెట్టె వైపు చూస్తూ కదలకుండా నిలబడింది. "నా పేరు రాసుకుంటివి. ఆ పెట్టెలో పడే చీటీలో గూడా నా పేరు పడుతుందా తల్లీ?"

"లేదవ్వా. నువ్వు ఓటేసిన వాళ్ల పేరు, గుర్తు, వాళ్ల నంబరు, అవే ఉంటాయి. ఏడు సెకన్లు కనపడి లోపల పడిపోతుంది. ఈ పుస్తకంలో నువ్వు వచ్చినట్టు ఉంటుంది, ఎవరికేశావో ఉండదు."

"నిజమేనా?" అంది.

"నిజమే అవ్వా" అన్నాను. అట్టతెర వెనక్కి ఒక్కతే వెళ్లింది.